సముద్రం పెరగలేదని ఏకగ్రీవంగా

యావన్మంది పాఠకులకూ తెలియజేయడమేమంటే, మా ఊళ్ళో సముద్రం పెరగలేదు. ఈ సంగతి పురపాలక సంఘంవారు రేవు గట్టు మీద బహిరంగ సభ పెట్టి, ఏకగ్రీవంగా తీర్మానించి, బ్యాండుతో సహా ప్రకటించారు. ప్రకటించగానే సభికులందరూ చప్పట్లు కొట్టారు. కుర్చీల కింద నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి గనక లేచి కొట్టడానికి కొందరు జంకారు గానీ, కూర్చునే గట్టిగా కొట్టారు. బ్యాండులో పెద్ద డోలు కొంచెం తేలింది. తేలడం డోలు లక్షణమని కార్యదర్శిగారు మైకులో వివరించారు.

నేను ముందు వరసలోనే ఉన్నాను. వయసు మళ్ళినవాళ్ళకి ముందు వరస కేటాయించారు. ముందు వరస అంటే సముద్రం వైపు వరస. నాకు చదువు అంతంత మాత్రం, కాబట్టి చూసింది చూసినట్టు రాస్తాను. లేనిది ఉన్నట్టూ ఉన్నది లేనట్టూ రాయాలంటే పెద్ద చదువులుండాలి. అవి ఉన్నవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు, వాళ్ళ సంగతికే వస్తున్నాను.

మాది దిగువ వీధి. ఊరంతటికీ దిగువన, రేవును ఆనుకుని ఉంటుంది. మాకు ఎదురుగా కొండ. కొండ మీద సంఘ అధ్యక్షులవారు, డాక్టర్లు, వకీళ్ళు ఉంటారు. వాళ్ళకి కిటికీలోంచి చూస్తే సముద్రం కనిపిస్తుంది. మేం కిటికీ దాకా వెళ్ళే శ్రమ లేకుండా సముద్రమే లోపలికి వస్తుంది. మా కోడలు దర్జీ. ముందు గది దుకాణం, వెనక గది కాపురం. మావాడు ఓడ మీద వంటవాడు, ఎప్పుడో గానీ ఇల్లు చేరడు. ఫోను చేసినప్పుడల్లా "సముద్రం ఎలా ఉందే" అని పెళ్ళాన్ని అడుగుతాడు. సముద్రం మీద ఉన్నది వాడు, అడిగేది ఇంట్లో ఉన్నవాళ్ళని. "నీ మంచం దాకా వచ్చింది, నువ్వే రాలేదు" అంటుంది ఆవిడ.

నేను ఈ వీధికి కోడలిగా వచ్చినప్పుడు పెద్ద పోటు వచ్చినా నీళ్ళు గట్టు మెట్ల దగ్గరే ఆగేవి. మా అత్తగారు ఆ మెట్ల మీద కూర్చుని నన్ను తిట్టేవారు. తర్వాత తర్వాత పైమెట్టు మీదికి మారి తిట్టేవారు. ఆవిడ పోయేనాటికి గడప మీద కూర్చుని తిట్టేవారు. తిట్లు అవే, మనిషే ఇంటికి దగ్గరవుతూ వచ్చారు. వయసు పెరిగే కొద్దీ నా మీద ప్రేమ పెరిగి దగ్గరవుతున్నారేమోనని చాలాకాలం అనుకున్నాను.

ఇప్పుడు ప్రతి పోటుకీ దుకాణంలోకి నీళ్ళొస్తున్నాయి. మా వీధి మగవాళ్ళందరూ ప్యాంట్లు పొట్టిగా కుట్టించుకోవడం మొదలుపెట్టారు. పిక్క సగం కనిపించేలా, అంచు తడవకుండా. కొండ మీది కుర్రకారు అది చూసి కొత్త ఫ్యాషన్ అనుకుని, వాళ్ళూ అలాగే కుట్టించుకోవడానికి బారులు తీరారు. కాలు ఎప్పుడూ తడవనివాళ్ళు పొట్టి ప్యాంట్లకి ఎక్కువ డబ్బిచ్చారు. ఆ ఏడు మా కోడలికి చేతినిండా పని.

కానీ పెద్ద కుట్టుమిషన్లకి మోటారు బల్ల కింద ఉంటుంది. ఓ రోజు మిట్టమధ్యాహ్నం ఆవిడ కుడుతుండగా నీళ్ళు మోటారును తాకాయి. మోటారు కాలిపోయింది, ఆవిడ చెయ్యి భుజం దాకా తిమ్మిరెక్కి చాలా రోజులు సూది పట్టలేకపోయింది. డాక్టరు చూసి, అదృష్టం బాగుంది గనక చెయ్యితో పోయిందన్నాడు. ఇంకో పెద్ద పోట్ల కాలం వచ్చేలోగా నేల ఎత్తు చేసుకోకపోతే దుకాణమైనా మూయాలి, మనిషినైనా పోగొట్టుకోవాలి. అంతే సంగతి. ఆవిడ కష్టంతోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

నేల ఎత్తితే తల కప్పుకి తగులుతుంది, కాబట్టి కప్పు కూడా ఎత్తాలి. కప్పు ఎత్తడానికి వీల్లేదని నిబంధన. దిగువ వీధిలో ఏ ఇంటి కప్పూ సముద్ర మట్టానికి ఇంత ఎత్తు దాటకూడదని పూర్వం ఎప్పుడో రాశారు. కొండ మీదివాళ్ళకి సముద్రం అడ్డం లేకుండా కనిపించాలి కదా, న్యాయమే. మా కోడలు నిబంధనని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గుడ్డ కత్తిరించినట్టు ఓ మాట కత్తిరించింది. "ఎత్తు సముద్రం నుంచి కదా కొలవమన్నారు. సముద్రమే పెరిగితే మన కప్పు దానంతటదే తగ్గినట్టేగా. తగ్గినంత మేర పెంచుకోనివ్వమందాం." ఈ మాట పురపాలక ఇంజనీరుకి చెబితే ఆయన బాగుందన్నాడు. సముద్రం పెరిగినట్టు ఏదైనా శాఖవారు రాసిస్తే తక్షణం అనుమతి ఇస్తానన్నాడు. మా ఇంటి మధ్యలో నిలబడే అన్నాడు, బూట్లు చేత్తో పట్టుకుని.

ముందు మురుగునీటి శాఖ నుంచి ఒకాయన వచ్చాడు. మా నేల మీది నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. అంత అంకితభావం నేనింకే శాఖలోనూ చూడలేదు. "ఉప్పగా ఉంది. మాది కాదు" అని వెళ్ళిపోయాడు. తర్వాత రేవు కార్యాలయంవారు వచ్చారు. సముద్రమంటే ఓడ తేలేదని వాళ్ళ నిర్వచనం. "మీ దుకాణంలో ఓడ తేలుతోందా అమ్మా" అని అడిగారు. "చెప్పులు తేలాయండీ" అంది మా కోడలు. చెప్పులు తమ పరిధిలోకి రావన్నారు.

ఇక మిగిలింది సముద్రాన్ని కొలిచే కేంద్రం. అది కొండ మీద ఉంటుంది, కాగితాలు తడవకుండా. మా మనవరాలు ఉద్యోగం చేసేది అక్కడే. ఇంట్లో చిన్నది అంటాం, చదువు మాత్రం ఇంటికంతటికీ పెద్దది. సముద్రాన్ని కొలుస్తారంటే ఓ కర్ర పట్టుకుని నీళ్ళలో దిగుతారనుకున్నాను. అదేం కాదట. పైన, మబ్బులకీ పైన, ఒక ఉపగ్రహం తిరుగుతూ కిందికి రాడారు తరంగం వదులుతుంది. అది నీళ్ళకి తగిలి వెనక్కి వెళుతుంది. వెళ్ళి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి నీళ్ళు తనకి ఎంత కింద ఉన్నాయో లెక్క కడతారు. ఇందులో నాకు అర్థం కానిదేమీ లేదు. వెనక గదిలోంచి నేను కేకేస్తే మా కోడలు ఎంతసేపటికి పలికిందో చూసి, ఎంత దూరంలో ఉందో, ఎంత కోపంగా ఉందో నేనూ చెప్పగలను.

కాకపోతే దారిలో తేమ తగిలితే తరంగం ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం తీసేయాలి. అలలు తీసేయాలి. ఆటూ పోటూ తీసేయాలి. గాలి నొక్కినదీ తీసేయాలి.

"ఇన్ని తీసేశాక ఇంకేం మిగులుతుందే" అన్నాను.

"కాస్తే మిగులుతుంది నానమ్మా. అది ఏటేటా పెరుగుతోందా లేదా అన్నదే మాకు కావాలి."

"మరి మన ఇంట్లోకి వచ్చేదీ?"

అక్కడే చిక్కుందంది పిల్ల. తరంగం సన్నగా గీత గీసినట్టు పడదట, మంచం మీద దుప్పటి పరిచినట్టు పడుతుందట. నడిసముద్రంలో ఇబ్బంది లేదు. గట్టు దగ్గర మాత్రం సగం దుప్పటి నీళ్ళ మీద, సగం కప్పుల మీద, పడవల మీద పడుతుంది. తిరిగి వచ్చే జవాబులో అందరి గొంతులూ కలిసిపోయి సంత గోలలా ఉంటుంది. అందుకని గట్టు పక్క కొలతల మీద ఎర్రగుర్తు పెట్టి అవతల పడేయడం ఆ కేంద్రంలో ఆనవాయితీ.

నేనూ మా కోడలూ వెళ్ళి ఆ కేంద్రం పెద్దసారుని కలిశాం. చాలా మర్యాదస్తుడు. కుర్చీలు వేయించాడు.

"శాస్త్రరీత్యా సముద్రం మీ ఇంటికి చాలా దూరంలోనే ఆగిపోతుంది తల్లీ" అన్నాడు.

"మరి మా ఇంట్లో ఉన్నది ఏమిటండీ" అంది మా కోడలు.

"దాని గురించి మా దగ్గర సమాచారం లేదు. సమాచారం లేనిదాన్ని నీళ్ళని అనే అధికారం నాకు లేదు."

అలా తేలిందేమంటే, మా దుకాణంలో ఉన్నది మురుగు కాదు, రేవు కాదు, సముద్రమూ కాదు. ఎవరిదీ కాని పదార్థం ఇంట్లో ఉంచుకున్నందుకు మా మీద కేసు పెట్టనందుకు అన్ని శాఖలవారికీ ఇక్కడే కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

చిన్నదానికి పౌరుషం వచ్చింది. ఎర్రగుర్తు పెట్టి పడేసిన జవాబులన్నీ ముందేసుకుని కూర్చుంది. సంత గోలలోంచి ఒక్క గొంతు పట్టుకోవడం కష్టమే గానీ కుదరని పని కాదట. దేశదేశాల్లో అలాంటి పద్ధతులు వచ్చాయట. ఇది కప్పు, ఇది పడవ, ఇది బురద అని ఒక్కొక్కటీ వేరు చేసుకుంటూ పోయింది. ఆ ఎండాకాలమంతా పిల్లకి తిండి ధ్యాస లేదు. "బురద ఎలా పలుకుతుందే" అని అడిగితే, "మా పెద్దసారులాగే నానమ్మా, ఏమీ తేల్చకుండా" అంది. చివరికి లెక్క తేలింది. ఉపగ్రహాలు కొలవడం మొదలైననాటి నుంచి ఇప్పటికి మా గట్టు దగ్గర సముద్రం బెత్తెడు పెరిగింది.

"బెత్తెడేనా" అంది మా కోడలు, మోకాలి మీది తడి చూపిస్తూ.

"బెత్తెడు పీట మీద ఎక్కి పోటు, పోటు మీద ఎక్కి అల వస్తున్నాయమ్మా. పీట లేనప్పుడు అందని గడప పీట ఉంటే అందుతుందిగా" అంది పిల్ల. అంత తేలిగ్గా చెప్పింది గనకే అది మా ఊళ్ళో పైకి రాలేదు.

సరే, నివేదిక సంఘానికి చేరింది. ఇక అనుమతి వచ్చేసినట్టే అనుకుని మా కోడలు మేస్త్రీకి కబురు కూడా పెట్టింది. మేం ఒక సంగతి ఆలోచించలేదు. సముద్రం బెత్తెడు పెరిగితే దిగువ వీధి కప్పులు బెత్తెడు తగ్గినట్టు. మరి కొండ కూడా తగ్గినట్టే కదా.

ఈ మాట సంఘ సమావేశంలో ఎవరి నోట వచ్చిందో గానీ అందరి చేతులూ కోటు జేబుల మీదికి వెళ్ళాయట. ఆ కొండ ఎత్తు మా ఊరి పరువు. రైలు స్టేషన్లో పసుపు బోర్డు మీద సముద్ర మట్టానికి ఇంత ఎత్తు అని నల్లని అక్షరాలతో ఉంటుంది. కొండ మీద శిఖరాగ్ర క్లబ్బని ఒకటుంది, దాని సభ్యులు కోటు జేబు మీద ఆ అంకెని కుట్టించుకుంటారు. కుట్టేది మా కోడలే. అధ్యక్షులవారు తమ ఇంటి పేరుకి ముందు కూడా ఆ అంకె రాసుకుంటారు.

ఆయన లేచి ప్రసంగించారు. చిన్నది అక్కడే ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"సోదరులారా, ఈ ఎత్తు మన తాతలు మనకిచ్చి వెళ్ళిన ఎత్తు. దీన్ని బెత్తెడు తగ్గించడానికి ఈ ఉపగ్రహం ఎవరు? దానికి మన ఊళ్ళో ఇల్లుందా, ఓటుందా? రోజుల తరబడి మన తల మీద తిరుగుతూ, మన అనుమతి లేకుండా మన సముద్రాన్ని తాకి, మన కొండనే కించపరుస్తుందా?"

"కొండ తగ్గలేదండీ, సముద్రం పెరిగింది" అంది చిన్నది.

"రెండూ ఒకటేనమ్మా. పక్కవాడికి పెద్ద ఉద్యోగం వస్తే నా ఉద్యోగం చిన్నదైనట్టు కాదూ? పైగా పక్క ఊరి కొండ మనదానికంటే నాలుగు వేళ్ళే తక్కువ. ఇప్పుడు వాళ్ళు మనతో సమానమైపోతారు."

"వాళ్ళకీ పెరిగింది కదండీ సముద్రం."

"వాళ్ళు కొలిపించుకోలేదుగా" అన్నారు అధ్యక్షులవారు. దీనికి సైన్సులో జవాబు లేదని చిన్నది ఒప్పుకుంది.

అప్పుడు కార్యదర్శిగారు గొంతు సవరించుకున్నారు. మా ఊరి బరువంతా ఆయన గొంతు మీదే ఉంది. ఆయన సవరించుకున్నప్పుడల్లా ఏదో ఒక సమస్య పోతుంది.

"పెరిగిందంటున్నారు. దేనికంటే పెరిగింది?"

"గడిచిన సంవత్సరాల సగటుకంటేనండీ" అంది చిన్నది.

"ఏ సంవత్సరాలు సగటుకి తీసుకోవాలో ఎవరు నిర్ణయించారు?"

"మా కేంద్రంవాళ్ళే."

"మీరు నిర్ణయించినదాన్ని మీరే మార్చుకోవచ్చు కదా."

"మార్చవచ్చు గానీ..."

"గానీ అక్కర్లేదు" అన్నారు కార్యదర్శిగారు ప్రేమగా. "ఈ ఏడు ఉన్న ఎత్తునే సగటు అనుకుందాం. అక్కడ సున్నా పెడదాం. ఇప్పుడు చూడమ్మా, ఎంత పెరిగింది?"

"సున్నాకి సున్నా."

"వచ్చే ఏడు మళ్ళీ అప్పుడున్న చోట సున్నా పెడదాం. ఇక ఎప్పటికీ పెరగదు."

చిన్నదాని పక్కనే ఉన్న పెద్దసారు మొదట ముక్కున వేలేసుకున్నారు. కేంద్రానికి కొత్త భవనం, అదీ కొండ మీద ఇంకా పైన, మంజూరు చేస్తున్నామని విన్నాక వేలు తీసి, ఈ పద్ధతిలో గొప్ప సరళత ఉందన్నారు. ఆ సరళతకి ఆయనకి శాలువా కప్పారు. ఊరందరి ఎదుటా ప్రకటించడానికి రేవు గట్టు మీద సభ పెట్టాలని నిశ్చయించారు.

సభ ఏర్పాట్లు జరుగుతుండగానే ఈ పద్ధతి మిగతా శాఖలవారికి తెగ నచ్చేసింది. ఆసుపత్రిలో రోగికి జ్వరం నిన్నటితో పోల్చి చూడటం మొదలుపెట్టారు. నిన్నా ఇవాళా ఒకేలా కాలిపోతుంటే జ్వరం లేదని ఇంటికి పంపారు. పోలీసువారు పోయినేటి దొంగతనాలని సున్నా చేసి, ఈ ఏడు ఊళ్ళో దొంగతనమే లేదని పతకాలు పంచుకున్నారు. పతకాలు ఎవరో ఎత్తుకుపోయారు, అది వచ్చే ఏటి సున్నాలో కలుస్తుంది. బడిలో తప్పిన పిల్లలు పోయినేడూ తప్పినవాళ్ళే గనక ఎవరూ కొత్తగా తప్పలేదన్నారు. నా మోకాళ్ళ నొప్పి కూడా మొన్నటి మీద ఏమాత్రం పెరగలేదని డాక్టరు అభినందించాడు. నేనూ కుంటుకుంటూ వచ్చి అందరికీ చెప్పాను.

మా కోడలికి మాత్రం జవాబు వచ్చింది. సముద్రం పెరగలేదు గనక కప్పు ఎత్తడానికి కారణం కనబడలేదు. ఆవిడ చదివి, మడిచి, మిషను కాలి కింద పెట్టింది, అటు పక్క కొంచెం ఊగుతోందని. పెద్ద పోట్ల కాలం ఇక ఎంతో దూరం లేదు. మిషన్లు అమ్మేసి కొండ మీద ఎవరింట్లోనైనా బట్టలు ఇస్త్రీ చేసే పనికి కుదురుకుంటానంది. ఆ మాట అంటున్నప్పుడు తిమ్మిరెక్కిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉంది.

ఆ తర్వాతే మొదట్లో చెప్పిన సభ. బ్యాండు వాయించారు, చప్పట్లు కొట్టారు, డోలు తేలింది. చివర్లో ఎవరైనా ఏమైనా అడగదలిస్తే అడగవచ్చన్నారు. ఎవరూ అడగరని నమ్మకం ఉన్నచోటే అలా అంటారు. మా కోడలు లేచింది.

"అయ్యా, సముద్రం పెరగలేదన్నారు. సరే, చదువుకున్నవాళ్ళు చెప్పారు, ఒప్పుకున్నాం. ఇదివరకు మా ఇంట్లోకి రాని నీళ్ళు ఇప్పుడు వస్తున్నాయి. సముద్రం లేవలేదంటే మరి మా ఇల్లే కిందికి దిగిందా?"

వెటకారమే అది. వీధి వీధంతా నవ్వింది. వెటకారాన్ని వెటకారంగా వినే అలవాటు కార్యదర్శిగారికి లేదు. ఆయన గొంతు సవరించుకుని, రాసుకునే గుమాస్తా వైపు తిరిగి, "రాసుకోండి. దిగువ వీధి కుంగింది. వీధివారే ఒప్పుకున్నారు" అన్నారు. అధ్యక్షులవారి మొహం వెలిగిపోయింది. దిగువ వీధి కుంగితే కొండకేం నష్టం? నష్టం లేకపోగా, చూసేవాళ్ళకి కొండ ఇంకాస్త ఎత్తుగానే కనిపిస్తుంది. దిగువ వీధి కుంగిందని ఆ సభలోనే ఇంకో తీర్మానం, అదీ ఏకగ్రీవంగానే అయిపోయింది. బ్యాండువాళ్ళకి వేరే పాట రాక మొదటిదే మళ్ళీ వాయించారు.

వీధి కుంగిందంటే ఎవరో తొక్కి ఉండాలి కదా. ఆ ఎవరో ఎవరని తేల్చడానికి నిపుణుల సంఘం ఒకటి వేశారు. వాళ్ళు తూకం మిషను వేసుకుని ఇంటింటికీ వచ్చారు. రొట్టెల పొయ్యి బరువైనదని ఆ దుకాణంవాడిని మందలించారు. మంగలి బక్కపలచగా ఉన్నాడు గనక అతన్ని ఆదర్శ పౌరుడన్నారు. మా ఇంటికొచ్చి కుట్టుమిషన్లు తూచి, ఇస్త్రీపెట్టె తూచి, నన్ను కూడా ఎక్కమన్నారు.

"నాయనా, పెళ్ళై ఈ వీధికొచ్చినప్పుడు పుల్లలా ఉండేదాన్ని. కుంగింది ఆ తర్వాతే అంటే కాదనలేను" అన్నాను.

అదీ రాసుకున్నారు. ఇప్పుడు సంఘం రికార్డుల్లో మా వీధి కుంగుబాటుకి నేను కొంతమేర బాధ్యురాలిని. మా అత్తగారు బతికుంటే సంతోషించేవారు. ఆవిడ మొదటి నుంచీ అదే అనేవారు.

ఎంత కుంగింది అన్నది తేల్చడానికి ఇంజనీరు వచ్చాడు. ఈసారి బూట్లతోపాటు మేజోళ్ళు కూడా చేత్తో పట్టుకున్నాడు. గోడ మీద తడి గుర్తు మోకాలెత్తున ఉంది. కాబట్టి వీధి మోకాలెత్తు కుంగిందని నిర్ధారించాడు. వీధి మోకాలెత్తు కుంగితే కప్పులూ మోకాలెత్తు కుంగినట్టే. నిబంధన ప్రకారం ఉండవలసిన ఎత్తుకి తెచ్చుకోవడం పౌరుల హక్కు. కప్పు ఎత్తితే నేల ఎత్తవచ్చు. అక్కడికక్కడే అనుమతి ఇచ్చాడు. బెత్తెడు నిజానికి దొరకనిది మోకాలెత్తు వెటకారానికి దొరికింది.

పోట్లకి ముందే పని పూర్తయింది. వీధిలో వాళ్ళందరూ మమ్మల్ని చూసి మొదలుపెట్టారు. ఇల్లిల్లూ ఒకే ఎత్తుకి లేచింది, వీధి ముందు గట్టిగా రాతిగట్టు కూడా కట్టుకున్నాం. పెద్ద పోట్లు వచ్చాయి. మా నేల మీద చుక్క తడి లేదు. మా కోడలు కాలిన మోటారు తీయించి కొత్తది వేయించుకుంది. ఆ మిషన్ల చప్పుడు వింటూ నేను పగటిపూట కూడా హాయిగా కునుకు తీస్తున్నాను. మా వీధికి ఓ సంఘం కూడా ఏర్పడింది. మొదటి సమావేశంలో మా కోడలినే అధ్యక్షురాలిని చేశారు. ఆవిడకి అప్పుడే గొంతు సవరించుకోవడం వచ్చింది.

మొన్న పొద్దున వెనక సందులోంచి వలలు అల్లే ఆవిడ వచ్చింది. మా వీధికి వెనకగా ఓ సందుంది, మేం లేచాక మాకంటే పల్లమైంది. అక్కడివాళ్ళకి ఇదివరకు నీళ్ళు అంతగా వచ్చేవి కావు. ముందు మా ఇళ్ళన్నీ పీల్చుకునేవి కదా. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మా కొత్త మెట్ల కిందే నిలబడింది. చంటిపిల్ల ఊయల దాకా నీళ్ళొచ్చాయని చెప్పింది. "మీ వీధి లేచినప్పటి నుంచీ వచ్చే నీళ్ళన్నీ చుట్టుతిరిగి మా సందులోకే వస్తున్నాయి పెద్దమ్మా. మీ సంఘం తరఫున ఓ మాట రాసిస్తే మేమూ అనుమతి అడుక్కుంటాం."

మా కోడలు మిషను ఆపలేదు. "సముద్రం పెరగలేదని మొన్ననేగా తీర్మానం అయింది. మాకైతే మార్పేమీ కనిపించడం లేదు" అంది. అబద్ధమేం కాదు, మా నేల పొడిగానే ఉంది. నేను ఆవిడని లోపలికి రమ్మనలేదు. తుడిచిన నేల.

ఆవిడ వెళ్ళాక చిన్నది నన్నే చూస్తూ కూర్చుంది. "నానమ్మా, ఈమధ్య గట్టు దగ్గరి జవాబుల్లో కొత్తగా ఓ గొంతు వినిపిస్తోంది. మన వెనక సందే. పడవలతో, కప్పులతో కలిసిపోయి ఉంది. విడదీయమంటావా?"

ఎండాకాలమంతా తిండి ధ్యాస లేకుండా కూర్చున్న పిల్ల, మళ్ళీ ఆరోగ్యం పాడుచేసుకుంటుంది. "ఎర్రగుర్తు పెట్టి పక్కన పడెయ్యవే" అన్నాను.

పాఠకులు ఇదంతా కాస్త ఎత్తైన చోటనే కూర్చుని చదువుతున్నారని నా నమ్మకం. పల్లంలో ఉన్నవాళ్ళకి చదివే తీరిక ఉండదు. కింద మీ తలుపు ఎవరైనా తడితే, నీళ్ళ సంగతి మాట్లాడటానికి వచ్చారని తెలిస్తే, కంగారు పడకండి. మీ ఇంట్లో సముద్రం ఏమీ పెరగలేదని చెప్పండి. కావాలంటే వాళ్ళనే వచ్చి మీ నేల ముట్టుకుని చూసుకోమనండి, కాళ్ళు తుడుచుకుని.